ద్రాక్ష తీగలో దాగిన వైరస్: జన్యుక్రమ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

క్లుప్తంగా: ద్రాక్ష వైరస్‌లు అంటుకొమ్మలతో పాటే ఒక తోట నుంచి మరో తోటకు చేరతాయి. ఒకసారి సోకాక తోటలో ఉన్న తీగకు చికిత్స లేదు. ఎలీసా, పీసీఆర్ లాంటి పరీక్షలు ముందే తెలిసిన వైరస్‌లనే పట్టగలవు. జన్యుక్రమ పరీక్ష, అంటే సీక్వెన్సింగ్, ఫలానా వైరస్ కోసం అని లేకుండా తీగలో ఉన్నవాటన్నిటినీ బయటపెడుతుంది. అయితే దొరికిన వైరస్ పంటకు హాని చేస్తుందా అన్నది అది తేల్చదు. అందుకే దీని అసలు ఉపయోగం రైతు తోటలో కన్నా, నర్సరీలకు కొమ్మలిచ్చే తల్లి మొక్కల దగ్గరే ఎక్కువ.

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న క్లీన్ ప్లాంట్ ప్రోగ్రామ్‌కు ఆమోదం తెలిపింది. రూ.1,765.67 కోట్లతో దేశంలో తొమ్మిది క్లీన్ ప్లాంట్ సెంటర్లు పెట్టి, వైరస్ లేని పండ్ల మొక్కలను నర్సరీల ద్వారా రైతులకు చేర్చాలన్నది దీని ఉద్దేశం. ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇందుకు 9.8 కోట్ల డాలర్ల రుణం ఇస్తోంది. ద్రాక్ష బాధ్యత పుణె దగ్గర మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి అప్పగించారు.

ద్రాక్ష రైతును టెన్షన్ పెట్టేవి మామూలుగా బూజు తెగులు, బూడిద తెగులు, కోతకు ముందు పడే వాన. వైరస్ అనే మాట తోటల్లో పెద్దగా వినబడదు. పచ్చగా కళకళలాడుతున్న తీగలకు ప్రయోగశాలలో జన్యుపరీక్షలు ఎందుకు, దానికి ఇన్ని కోట్లు ఎందుకు అనే ప్రశ్న రావడం సహజం. జవాబు కోసం కాలిఫోర్నియా దాకా వెళ్లాలి. ద్రాక్ష వైరస్‌ల మీద సీక్వెన్సింగ్ వాడకంలో ముందు నడిచిందీ, దాని పరిమితులు ముందుగా చవిచూసిందీ ఆ రాష్ట్రమే.

అంటుతో పాటే వచ్చే జబ్బు

ద్రాక్షను ఎవరూ గింజ నాటి పెంచరు. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లి లక్షణాలు తేదు. అందుకే కొమ్మ ముక్కలను వేరు పట్టించడమో, రూట్‌స్టాక్ (కింద వేరుగా ఉండే మరో రకం మొక్క) మీద అంటు కట్టడమో చేస్తారు. ఈ పద్ధతిలో తల్లి తీగ రుచి, రంగు, దిగుబడి ఎలా దిగుతాయో, దాని ఒంట్లో ఉన్న వైరస్ కూడా అలాగే పిల్ల మొక్కల్లోకి దిగుతుంది. ఒక తల్లి మొక్క నుంచి కొమ్మలు, ఆ కొమ్మల నుంచి వచ్చిన మొక్కల నుంచి మళ్లీ కొమ్మలు తీసుకుంటూ పోతే కొన్నేళ్లలోనే లక్షల తీగలవుతాయి. పైగా రూట్‌స్టాక్‌లో ఒక వైరస్, పైన కట్టిన రకంలో మరొకటి ఉంటే అంటు కట్టిన రోజు నుంచి ఆ తీగలో రెండూ ఉంటాయి.

వేల ఏళ్లుగా ఇలా కొమ్మలతోనే పెంచుతూ రావడం వల్ల కావచ్చు, ద్రాక్షలో ఇప్పటిదాకా 80కి పైగా వైరస్‌లు కనబడ్డాయి. కాండం గట్టిపడే పంటల్లో ఇన్ని వైరస్‌లున్న పంట మరొకటి లేదు. అన్నీ ప్రమాదకరమైనవి కావు. నష్టం ఎక్కువగా చేసేవి కొన్ని గుంపులే: ఆకులు చుట్టుకుపోయేలా చేసే లీఫ్‌రోల్ వైరస్‌లు, ఆకు విసనకర్రలా వికారంగా మారే ఫ్యాన్‌లీఫ్ వైరస్, కాండం లోపల గుంటలు, గాడులు పడేలా చేసేవి, ఈ మధ్య బయటపడిన రెడ్ బ్లాచ్ వైరస్.

కొమ్మలతో వచ్చిన వైరస్ తోటలో అడుగు పెట్టాక మరికొన్ని దారులు దొరుకుతాయి. లీఫ్‌రోల్ మూడో రకాన్ని పిండినల్లులు ఒక తీగ నుంచి మరో తీగకు మోస్తాయి. ఫ్యాన్‌లీఫ్‌ను మట్టిలో ఉండే ఒక జాతి నులిపురుగు మోస్తుందని 1958లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు నిరూపించారు. ఒక మొక్క వైరస్‌ను నులిపురుగు వ్యాపింపజేస్తుందని తేలడం అదే మొదటిసారి. పాత తీగలు పీకేసినా మట్టిలో మిగిలిన వేరు ముక్కల మీద ఆ పురుగులు బతికే ఉంటాయి కాబట్టి, కొత్తగా నాటిన తోటకు కూడా జబ్బు తగులుకుంటుంది.

నష్టం లెక్కలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో లీఫ్‌రోల్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే 25 ఏళ్ల తోట జీవితకాలంలో హెక్టారుకు 25 వేల నుంచి 40 వేల డాలర్ల నష్టమని 2012లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వైరస్ తీగను ఒక్కసారిగా చంపదు. గుత్తులు తగ్గుతాయి, కాయ ఆలస్యంగా పండుతుంది, తీపి దిగదు. ఏ ఏడాదికా ఏడాది ఆ తేడా వాతావరణం ఖాతాలోకో, ఎరువుల ఖాతాలోకో పోతుంది.

కంటితో ఎందుకు పట్టలేం

ఎర్ర, నల్ల ద్రాక్ష రకాల్లో లీఫ్‌రోల్ లక్షణాలు బాగానే కనబడతాయి. కాయ పండే సమయంలో ఆకు ఈనెల మధ్య భాగం ఎర్రబడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, అంచులు కిందికి చుట్టుకుంటాయి. తెల్ల రకాల్లో కొద్దిగా పసుపు తిరగడం తప్ప పెద్ద మార్పు ఉండదు. థామ్సన్ సీడ్‌లెస్ లాంటి రకాల్లో లక్షణాలు చాలా స్వల్పం, ఒక్కోసారి అసలు కనబడవు. అమెరికన్ జాతుల నుంచి తెచ్చిన రూట్‌స్టాక్‌ల సంగతీ అంతే. లోపల వైరస్ ఉన్నా పైకి నిక్షేపంగా ఉంటాయి.

మన దేశంలో పరిస్థితికి దీనికి నేరుగా సంబంధం ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక తోటల్లో థామ్సన్ సీడ్‌లెస్, దాని నుంచి ఎంపిక చేసిన తాస్-ఎ-గణేశ్, సోనాకా లాంటి రకాలదే పైచేయి. వాటిని ఎక్కువగా డాగ్‌రిడ్జ్ రూట్‌స్టాక్ మీద అంటు కడతారు. అంటే పైన లక్షణాలు సరిగా చూపని రకం, కింద కూడా చూపని రకం. తోటంతా తిరిగి చూసి వైరస్ లేదని చెప్పడం ఇలాంటి చోట అర్థం లేని పని.

ఆకు ఎర్రబడిన చోట కూడా అది వైరసే కానక్కర్లేదు. పొటాష్ లోపం, మెగ్నీషియం లోపం, కాండానికి దెబ్బ తగలడం, కాయ సైజు కోసం బెరడు వలయంగా తీయడం, ఇవన్నీ ఎర్ర రకాల్లో దాదాపు అదే రంగు తెస్తాయి. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగకుండా ఆగిపోవడమే ఈ రంగుకు ప్రధాన కారణం. ఆపింది వైరసా, తీగకు బిగించిన ఇనుప వైరా అన్నది ఆకు చెప్పదు.

పాత పరీక్షలు, వాటి గుడ్డి చోట్లు

చాలా కాలం పాటు ప్రామాణికంగా నడిచింది సూచిక మొక్కల పద్ధతి. అనుమానమున్న తీగ నుంచి మొగ్గ తీసి, వైరస్ సోకితే లక్షణాలు గట్టిగా చూపే రకం మీద అంటు కడతారు. లీఫ్‌రోల్‌కు కాబెర్నే ఫ్రాంక్, ఫ్యాన్‌లీఫ్‌కు సెయింట్ జార్జ్, కాండం మీద గాడులు పడే జబ్బుకు కోబర్ 5బీబీ, ఇలా ఒక్కో జబ్బుకు ఒక్కో మొక్క. ఆ తర్వాత పొలంలో నాటి రెండు మూడేళ్లు ఎదురుచూడాలి. అంటు పట్టకపోయినా, ఆ ఏడాది వాతావరణం తేడాగా ఉన్నా ఫలితం తప్పుతుంది. కొత్త రకం దిగుమతి చేసుకున్న నర్సరీకి అన్నేళ్లు ఆగడమంటే మార్కెట్ చేజారడమే.

1977లో మొక్కల వైరస్‌లకు ఎలీసా పరీక్ష అందుబాటులోకి వచ్చాక వందల నమూనాలను ఒకేసారి చూడడం వీలైంది. ఇది వైరస్ పైపొర ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టుకుంటుంది. చవక, వేగం, కానీ వైరస్ మోతాదు తక్కువగా ఉంటే దొరకదు. తర్వాత వచ్చిన పీసీఆర్ ఎంతో సున్నితమైనది. కొవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ గురించి ఇప్పుడు వివరించనక్కర్లేదు. ద్రాక్షకు వాడేదీ అదే సూత్రం. వైరస్ జన్యువులో ఒక ఇరవై అక్షరాల (జన్యువును కూర్చే రసాయన ముక్కల) వరుస ముందే తెలిసి ఉండాలి. దానికి సరిపోయే ప్రైమర్ అనే చిన్న డీఎన్ఏ ముక్క తయారుచేస్తే, ఆ వరుస ఉన్న చోట మాత్రమే నకళ్లు తయారవుతాయి.

బడిలో హాజరు పట్టీ చూసి పేర్లు పిలవడం లాంటిది ఇది. పట్టీలో పేరున్నవాళ్లే పలుకుతారు. పట్టీలో లేనివాడు గదిలో కూర్చునే ఉన్నా లెక్కలోకి రాడు. పేరు ఒక అక్షరం తేడాగా పిలిచినా ఉన్నవాడు పలకడు. లీఫ్‌రోల్ మూడో రకంలో సరిగ్గా ఈ ఇబ్బందే ఎదురైంది. ఒకే వైరస్ అయినా దాని ఉపరకాల జన్యుక్రమాల్లో చాలా తేడాలుండడం వల్ల పాత ప్రైమర్లు కొన్నిటిని వదిలేసేవి. సీక్వెన్సింగ్‌లో పట్టీ ముందుగా ఉండదు. గదిలో ఎవరున్నారో ఒక్కొక్కరినీ చూసి, తర్వాత పేర్లు రాసుకోవడమే.

నాపాలో దొరకని దోషి

ఈ తేడా ఎంత ముఖ్యమో చూపింది రెడ్ బ్లాచ్. 2008లో కాలిఫోర్నియాలోని నాపా లోయలో, ఓక్‌విల్ దగ్గర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు ఉన్న పరిశోధన తోటలో కాబెర్నే సావిన్యాన్ అనే నల్ల ద్రాక్ష రకం తీగల ఆకులు ఎర్రబడడం గమనించారు. చూస్తే లీఫ్‌రోల్ లాగే ఉంది. కానీ లీఫ్‌రోల్‌కు ఉన్న పరీక్షలన్నీ చేసినా ఏమీ రాలేదు. దగ్గరగా చూస్తే రెండు తేడాలు: ఆకు అంచులు చుట్టుకోలేదు, లీఫ్‌రోల్‌లో పచ్చగా మిగిలే ఈనెలు ఇక్కడ ఆకు అడుగున ఎర్రగా మారాయి. కాయలో తీపి కూడా తగ్గింది. కొన్ని తోటల్లో తీపిని కొలిచే బ్రిక్స్ నాలుగైదు డిగ్రీల దాకా పడిపోయింది. వైన్ తయారీకి ఇది చిన్న విషయం కాదు.

జవాబు దాదాపు ఒకే సమయంలో వేర్వేరు చోట్ల దొరికింది. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు వలయాకారంలో ఉండే డీఎన్ఏను మాత్రమే పదేపదే నకలు తీసే పద్ధతి వాడి 2012లో న్యూయార్క్ తీగల్లో ఒక కొత్త వైరస్‌ను పట్టుకున్నారు. డేవిస్‌లో నేరుగా సీక్వెన్సింగ్ చేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో మరో బృందం అదే చోటికి చేరింది. అప్పటిదాకా తెలిసిన ముఖ్యమైన ద్రాక్ష వైరస్‌లు చాలావరకూ ఆర్ఎన్ఏ రకానివి. ఇది మాత్రం ఒంటిపోగు డీఎన్ఏ వైరస్, సుమారు 3,200 అక్షరాల చిన్న వలయం, టొమాటో ఆకుముడత తెచ్చే జెమినీ వైరస్‌ల కుటుంబానికి చెందినది. ద్రాక్షలో ఆ కుటుంబం వైరస్ ఉంటుందని అనుకుని ఎవరూ వెతకలేదు. కాబట్టి ఎన్ని పీసీఆర్‌లు చేసినా అది దొరికేది కాదు.

జన్యుక్రమం తెలిశాక పని తేలికైంది. పీసీఆర్ ప్రైమర్లు వెంటనే తయారయ్యాయి. అమెరికాలో ద్రాక్ష పండే రాష్ట్రాల్లో, కెనడాలో వెతికితే చాలా చోట్ల దొరికింది. డేవిస్ హెర్బేరియంలో దాచిన ఎండు ఆకులను పరీక్షిస్తే, 1940లో సొనోమాలో సేకరించిన నమూనాలో కూడా ఈ వైరస్ ఉంది. అంటే కొత్తగా పుట్టిన జబ్బు కాదు. కనీసం 70 ఏళ్లుగా నర్సరీ కొమ్మల్లో తిరుగుతూ, చాలాసార్లు లీఫ్‌రోల్ పేరుతోనో పోషకాల లోపం పేరుతోనో చెలామణీ అయింది.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇది తోటలో దేనివల్ల వ్యాపిస్తుంది? త్రీ కార్నర్డ్ అల్ఫాల్ఫా హాపర్ అనే రసం పీల్చే కీటకం వల్ల అని 2016లో తేలింది. అసలు ఈ వైరసే జబ్బుకు కారణమా? దీనికి మరింత కాలం పట్టింది. వైరస్ జన్యువును ప్రయోగశాలలో తయారుచేసి, ఆరోగ్యంగా ఉన్న తీగల్లోకి ఎక్కించి, అవే లక్షణాలు రావడం చూసి 2018లో నిర్ధారించారు. జన్యుక్రమం దొరికిన తర్వాత కూడా దోషాన్ని రుజువు చేయడానికి ఆరేళ్లు పట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

నష్టం మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేదు. 2017లో వచ్చిన అంచనా ప్రకారం 25 ఏళ్లలో హెక్టారుకు నష్టం తూర్పు వాషింగ్టన్‌లో 2,213 డాలర్ల నుంచి, నాపాలో 68,548 డాలర్ల దాకా ఉండొచ్చు. తోటలో ఎంత భాగానికి సోకింది, తీపి తగ్గిన ద్రాక్షకు కొనేవాడు ఎంత కోత పెడతాడు అన్నదాన్ని బట్టి ఇంత అంతరం. ఖరీదైన ద్రాక్ష పండే చోట అదే వైరస్ ఎక్కువ నష్టం చేస్తుంది.

ప్రయోగశాలలో ఏం జరుగుతుంది

నమూనా తీయడం దగ్గరే తిప్పలు మొదలవుతాయి. చాలా ద్రాక్ష వైరస్‌లు ఆకు పైభాగంలో కాక, ఆహారం ప్రవహించే నాళాల్లో ఉంటాయి. అందుకని ఆకు కాడలు తీసుకుంటారు. లేదా ముదురు కొమ్మ పైబెరడు ఒలిచి, కింద ఉన్న పచ్చని పొరను బ్లేడుతో గీరి ఆ పొడిని వాడతారు. ద్రాక్ష కణజాలంలో పాలీఫీనాల్స్, జిగట పదార్థాలు ఎక్కువ. అవి ఆర్ఎన్ఏతో పాటే వచ్చి తర్వాతి రసాయన చర్యలను చెడగొడతాయి. వాటిని వదిలించుకోవడానికే సగం పనితనం కావాలి.

ఇలా తీసిన ఆర్ఎన్ఏలో అత్యధిక భాగం తీగ సొంత రైబోజోములది, అంటే కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగాలది. అదంతా చదివితే డబ్బు దండగ. కాబట్టి మూడు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు. రైబోజోమ్ ఆర్ఎన్ఏను తొలగించి మిగిలింది చదవడం ఒకటి. ఆర్ఎన్ఏ వైరస్‌లు పెరిగేటప్పుడు మాత్రమే ఎక్కువగా తయారయ్యే జంటపోగుల ఆర్ఎన్ఏను వేరుచేసి చదవడం రెండోది. మూడోది కాస్త చిత్రమైనది. వైరస్ చొరబడితే మొక్క దాని ఆర్ఎన్ఏను 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా నరికేస్తుంది, అది మొక్క రక్షణ పద్ధతి. ఆ ముక్కలనే సేకరించి చదివితే, మొక్క ఏయే వైరస్‌లతో పోరాడుతోందో తెలిసిపోతుంది. డీఎన్ఏ వైరస్‌లనూ, ప్రొటీన్ పొర లేకపోవడం వల్ల ఎలీసాకు దొరకని వైరాయిడ్లనూ (వైరస్ కన్నా చిన్నవైన ఆర్ఎన్ఏ వలయాలు) కూడా ఈ దారిలో పట్టొచ్చు.

తర్వాత ఆ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి, చివరలకు కృత్రిమ తోకలు తగిలిస్తారు. ఏ ముక్క ఏ తీగదో తర్వాత గుర్తుపట్టేందుకు ఒక్కో నమూనాకు ఒక్కో గుర్తు వరుస చేరుస్తారు. ఇల్యూమినా యంత్రాల్లో ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా వెలిగే రంగును కెమెరా నమోదు చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ పరికరాల్లో పోగు ఒక సన్నని రంధ్రం గుండా జారుతుంటే విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును బట్టి అక్షరం తెలుస్తుంది. మొదటిది చిన్న ముక్కలను కచ్చితంగా, రెండోది పొడవైన ముక్కలను కాస్త ఎక్కువ తప్పులతో చదువుతుంది.

మిగతాది కంప్యూటర్ పని. ద్రాక్ష పూర్తి జన్యుక్రమం 2007లోనే అందుబాటులోకి వచ్చింది, సుమారు 50 కోట్ల అక్షరాలు. చదివిన ముక్కల్లో దానితో సరిపోయేవన్నీ పక్కన పెడతారు. మిగిలినవాటిని ఒకదాని చివర మరొకటి కలిసేలా అతికి పొడవైన వరుసలు చేస్తారు. వాటిని అంతర్జాతీయ జన్యు సమాచార నిధిలోని వైరస్‌లతో పోలుస్తారు. బొత్తిగా కొత్త వైరస్ అయితే అక్షరాల పోలిక దొరకదు. అప్పుడు ఆ వరుస తయారుచేయగల ప్రొటీన్లను పోలుస్తారు. వైరస్ తనను తాను నకలు తీసుకునే ఎంజైమ్ దూరపు చుట్టాల్లో కూడా కొంత ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ కుటుంబమో దొరికిపోతుంది.

ఎంత చదవాలి అన్నది ఖర్చును తేల్చే ప్రశ్న. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఒక తీగ నుంచి 150 అక్షరాల ముక్కలు 2 కోట్లు చదివారు. అందులో లక్షకు ఒకటి చొప్పున లీఫ్‌రోల్ మూడో రకానివి. అంటే 200 ముక్కలు, మొత్తం 30,000 అక్షరాలు. ఆ వైరస్ జన్యువు పొడవు సుమారు 18,500 అక్షరాలు. సగటున ఒక్కో చోటును ఒకటిన్నర సార్లు చదివినట్టు. ముక్కలు ఎక్కడ పడాలో అక్కడ సమానంగా పడవు కాబట్టి జన్యువులో సుమారు ఐదో వంతు అసలు చదవకుండానే మిగిలిపోతుంది. వైరస్ ఉందని చెప్పడానికి ఇది చాలు. ఏ ఉపరకమో కచ్చితంగా చెప్పడానికి చాలదు. అదే 2 కోట్లకు బదులు 20 లక్షల ముక్కలే చదివి ఉంటే 20 ముక్కలు దక్కేవి. అవి నిజంగా ఈ తీగవేనా, పక్క నమూనా నుంచి వచ్చినవా అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

ఆ అనుమానం ఊరికే వచ్చేది కాదు. ఒకే యంత్రంలో పదుల నమూనాలు కలిపి నడుపుతారు. గుర్తు వరుసలు అప్పుడప్పుడూ తారుమారవుతాయి. ఒక తీగలో వైరస్ బాగా ఎక్కువగా ఉంటే, దానివి కొన్ని ముక్కలు ఆరోగ్యంగా ఉన్న పక్క తీగ ఖాతాలో పడతాయి. అందుకే మంచి ప్రయోగశాలలు ప్రతి విడతలో వైరస్ లేదని తెలిసిన నమూనాను, ద్రాక్షలో ఎప్పుడూ ఉండని ఒక వైరస్‌ను కలిపిన నమూనాను కూడా నడుపుతాయి. ఆ రెండో వైరస్ ఇతర నమూనాల్లో ఎంత కనబడితే, కాలుష్యం అంత అని అంచనా. ముఖ్యమైన ఫలితమేదైనా కొత్తగా తీసిన నమూనా మీద పీసీఆర్‌తో మళ్లీ నిర్ధారించాకే ప్రకటిస్తారు. 2022లో ఐరోపా, మధ్యధరా దేశాల మొక్కల రక్షణ సంస్థ ఈపీపీఓ ఇలాంటి జాగ్రత్తలతో ఒక మార్గదర్శక ప్రమాణాన్ని విడుదల చేసింది.

దొరికినదంతా దోషి కాదు

2009లో డేవిస్ బృందం సిరా రకం తీగల్లో క్షీణత కారణం కోసం లోతైన సీక్వెన్సింగ్ చేసింది. దొరికింది ఒక వైరస్ కాదు, ఒక గుంపు. అప్పటికే తెలిసిన రెండు మూడు వైరస్‌లు, వైరాయిడ్లు, వాటితో పాటు ఎవరికీ తెలియని ఒక కొత్త వైరస్. కొత్తదాన్ని చూసి క్షీణతకు అదే కారణమని తేల్చేయడం ఎంత తేలికో అంత తప్పు.

ఉత్తర ఇటలీలోని ట్రెంటినోలో పీనో గ్రీ తీగల ఆకులు ముడతలు పడి, మచ్చలు రావడం 2003లో మొదటిసారి గమనించారు. 2012లో సీక్వెన్సింగ్‌తో ఒక కొత్త వైరస్ బయటపడింది, దానికి ఆ రకం పేరే పెట్టారు. చిక్కేమిటంటే, తర్వాత వెతికితే అది ఏ లక్షణమూ లేని తీగల్లోనూ దొరికింది. కొన్ని ఉపరకాలు మాత్రమే హాని చేస్తాయా, తీగ రకం, వాతావరణం కలిస్తేనే లక్షణాలు వస్తాయా అన్న చర్చ ఆ తర్వాత చాలా కాలం నడిచింది. ఈలోగా కొన్ని దేశాలు దాన్ని దిగుమతి నిషేధ జాబితాల్లో చేర్చాయి. అంటే హాని తేలకముందే వాణిజ్యం మీద ప్రభావం పడింది.

మరీ సాధారణమైనవి కొన్ని ఉన్నాయి. హాప్ స్టంట్ వైరాయిడ్ 300 అక్షరాల లోపు చిన్న వలయం. అది గానీ, ఎల్లో స్పెకిల్ వైరాయిడ్ గానీ లేని ద్రాక్ష తోట అరుదు. ద్రాక్షకు అవి దాదాపు నష్టం చేయవు. ఇవి కాక, ఆకు మీద ఉన్న బూజు తెగులు శిలీంధ్రానికి సోకిన వైరస్‌లు కూడా నమూనాలో చదవబడతాయి. అవి ద్రాక్ష వైరస్‌లే కావు. సీక్వెన్సింగ్ నివేదికలో పది పేర్లు కనబడితే, అందులో పట్టించుకోవలసినవి రెండో మూడో ఉంటాయి. మిగతావాటిని పక్కన పెట్టడానికి వైరస్ శాస్త్రం తెలిసిన మనిషి కావాలి, ఆ పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయలేం.

క్వారంటైన్ అధికారులకు ఇది నిజంగా ఇరకాటం. వైరస్ ఉంటే మొక్కను ఆపాలన్న పాత నియమం, పరీక్ష పెద్దగా ఏమీ పట్టలేని రోజుల్లో పుట్టింది. ప్రతిదీ పట్టే పరీక్ష వచ్చాక అదే నియమం అమలు చేస్తే లోపలికి వచ్చే తీగే ఉండదు. అందుకే ఇప్పుడు చాలా దేశాలు నష్టం చేస్తాయని రుజువైన వైరస్‌ల జాబితా పెట్టుకుని, దాని ప్రకారం నిర్ణయిస్తున్నాయి. కొత్త వైరస్ దొరికినప్పుడు దాని కుటుంబం, అది ఎలా వ్యాపిస్తుంది, లక్షణాలతో ఎంత సంబంధం ఉంది అన్నవి మెట్టుమెట్టుగా చూడాలి.

ఇన్ని షరతులు ఉన్నా పోలికలో సీక్వెన్సింగే ముందుంది. డేవిస్ బృందం 2015లో ప్రచురించిన పోలికలో సూచిక మొక్కలు తప్పిన వైరస్‌లను కూడా సీక్వెన్సింగ్ పట్టింది. రెండు మూడేళ్ల పని వారాల్లోకి వచ్చింది. ఇవాళ ఆ విశ్వవిద్యాలయపు ఫౌండేషన్ ప్లాంట్ సర్వీసెస్, విదేశాల నుంచి వచ్చే ద్రాక్ష రకాల తనిఖీలో దీన్ని ప్రధాన ఆయుధంగా వాడుతోంది.

ఎప్పుడు, ఎక్కడ కొయ్యాలి

యంత్రం ఎంత మంచిదైనా, వైరస్ లేని కొమ్మను ఇస్తే లేదనే చెబుతుంది. తీగ ఒంట్లో వైరస్ అంతటా సమానంగా పరచుకోదు. కొత్తగా సోకిన తీగలో ఒక కొమ్మలో ఉండి, మరో కొమ్మలో ఉండకపోవచ్చు. ఫ్యాన్‌లీఫ్ లేత చిగుళ్లలో, ఎండలు ముదరకముందు బాగా దొరుకుతుంది. లీఫ్‌రోల్‌ను పట్టడానికి సీజన్ చివర్లో కింది ముదురు ఆకుల కాడలు మేలు. ఈ సూచనలన్నీ చలికాలంలో తీగ నిద్రపోయే దేశాల్లో తయారైనవి.

మన దగ్గర తీగ అలా నిద్రపోదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో కర్ర కోసం, అక్టోబర్‌లో కాయ కోసం. తీగ మీద లేత, ముదురు దశలు రెండుసార్లు నడుస్తాయి, నడుమ మండే ఎండ. ఏ కత్తిరింపు తర్వాత ఎన్ని రోజులకు నమూనా తీస్తే ఏ వైరస్ బాగా దొరుకుతుందో ఇక్కడి తోటల్లోనే తేల్చుకోవాలి. కాలిఫోర్నియా క్యాలెండర్ ఇక్కడ పనికిరాదు.

ఖర్చు ఏ మెట్టు మీద పెట్టాలి

ఒక్కో నమూనాకు సీక్వెన్సింగ్ ఖర్చు ఏటేటా తగ్గుతున్నా, ఎలీసాతో పోలిస్తే ఇప్పటికీ చాలా ఎక్కువే. ఎకరంలో వందల తీగలుండే తోటలో ప్రతి తీగకూ చేయించడం ఎవరికీ గిట్టుబాటు కాదు, అవసరమూ లేదు. లక్షల మొక్కలకు మూలమయ్యే ఒక తల్లి తీగకు చేయిస్తే మాత్రం ఆ ఖర్చు మొక్కకు పైసల్లోకి వస్తుంది. అక్కడ ఏ వైరస్‌లు తిరుగుతున్నాయో సీక్వెన్సింగ్ చెబితే, కింది మెట్టులో నర్సరీలు ఆ నాలుగైదు వైరస్‌లకు మాత్రమే చవకైన పీసీఆర్ చేసుకుంటే సరిపోతుంది.

తల్లి తీగలో వైరస్ దొరికితే దాన్ని పారేయనక్కర్లేదు. చిగురు కొసన అర మిల్లీమీటరు కన్నా చిన్న ముక్క కోసి గాజుసీసాలో పెంచితే చాలాసార్లు వైరస్ లేని మొక్క వస్తుంది, ఎందుకంటే ఆ కొసలో నాళాలు ఇంకా ఏర్పడి ఉండవు. అలా వచ్చిన మొక్కను మళ్లీ సీక్వెన్సింగ్ చేసి చూస్తారు.

ఇంత చేసినా చిక్కులు రావచ్చని డేవిస్ అనుభవం చెబుతోంది. రసెల్ రాంచ్ అనే చోట చిగురు కొస పద్ధతిలో శుద్ధి చేసి, పరీక్షించిన తీగలతోనే కొత్త ఫౌండేషన్ తోట, అంటే తల్లి మొక్కల తోట, వేశారు. కొన్నేళ్లకు అక్కడే రెడ్ బ్లాచ్ బయటపడి పెరుగుతూ పోయింది. పరీక్ష తప్పు కాదు, నాటేనాటికి అవి శుభ్రంగానే ఉన్నాయి. ఆరుబయట ఉన్న తోటలోకి వైరస్ తర్వాత వచ్చింది. తల్లి మొక్కలను కీటకాలు దూరని గ్రీన్‌హౌస్‌లకు మార్చే నిర్ణయం దాని ఫలితమే.

మన దేశానికి ఇది ఎలా వర్తిస్తుంది

నాసిక్, పుణె ప్రాంతాల తోటల్లో లీఫ్‌రోల్ ఒకటో రకం, మూడో రకం ఉన్నట్టు పరిశోధకులు దశాబ్దం కిందటే నమోదు చేశారు. దాన్ని మోసే పిండినల్లులకు ఇక్కడ కొదవ లేదు. తెలంగాణలో ద్రాక్ష విస్తీర్ణం ఇప్పుడు తక్కువే అయినా, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహి తోటలు విరివిగా ఉండేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఇలాంటి పాత స్థానిక రకాల తీగలు ఎక్కడ మిగిలినా, వాటిని విస్తరించే ముందు సీక్వెన్సింగ్ చేయడం అన్నిటికన్నా ఎక్కువ ప్రయోజనమున్న పని. వాటిలో ఏముందో ఏ జాబితా చూసీ ముందే చెప్పలేం.

కార్యక్రమం నిజంగా పరీక్షకు నిలబడేది పొలం దగ్గర. మహారాష్ట్రలో చాలామంది రైతులు నర్సరీ నుంచి అంటు మొక్క తెచ్చుకోరు. ముందు రూట్‌స్టాక్‌ను పొలంలో నాటి, అది నిలదొక్కుకున్నాక, బాగా కాస్తున్న మరో తోట నుంచి కొమ్మలు తెచ్చి అక్కడికక్కడే అంటు కట్టిస్తారు. ఎక్కువ కాసిన తీగను చూసి కొమ్మ కోస్తారు. థామ్సన్ రకాల్లో వైరస్ బయటికి కనబడదు కాబట్టి ఆ ఎంపికలో దాన్ని వదిలించుకునే అవకాశం తక్కువ. రూట్‌స్టాక్ ఎంత శుభ్రమైనదైనా, పైకొమ్మ ఏ తోటది అన్నదానితో లెక్క మారిపోతుంది. పుణె కేంద్రం ఇచ్చే శుద్ధమైన మొక్కలు ఈ అలవాటుకు సరిపడాలంటే, నర్సరీల ద్వారా అంటు మొక్కలతో పాటు ధ్రువీకరించిన పైకొమ్మలను కూడా అంటు కట్టే నెలల్లో, ఆగస్టు, సెప్టెంబర్‌లో, కావలసినన్ని అందించగలగాలి. కొమ్మలు తెచ్చుకునే రైతు అడగవలసినవి మూడు: తల్లి తీగను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏ పద్ధతిలో ఏయే వైరస్‌లకు, పరీక్ష తర్వాత ఆ తీగ ఆరుబయట ఉందా, నెట్ కింద ఉందా.